పువ్వు వెనక రంగు

ప్రణీత శవం పాత నాపరాళ్ల గుంతలో దొరికింది. కెమెరా పట్టీ ఇంకా మెడలోనే ఉంది.

డోన్ బయట గుట్ట అది. గుంత అంచున రాళ్ల సందుల్లో కుందేటి కొమ్ములు మొలుస్తాయి. జానెడు మొక్కలు. గోరంత పూలు. అలాంటి చిన్న మొక్కలనే ప్రణీత బాగా దగ్గర నుంచి ఫొటోలు తీసేది. ఆరేళ్లుగా అదే పని. ఏటా ఆ ఫొటోలతో ఒక క్యాలెండర్ వచ్చేది. దాని మీద ఆమె పేరు ఉండేది.

ఆమెను గుట్ట దగ్గరికి తెచ్చింది చాంద్ ఆటో. పోలీసులకు చెప్పిందీ చాందే. కానీ ఆమె ఫోన్ అతని ఆటోలో ఛార్జింగ్‌లో ఉంది. సి.ఐ. జ్ఞానరాజుకు అది చాలింది.

"మూడింటికి వీణ్ని మేజిస్ట్రేట్ ముందు పెడతాండాం. ఫోన్ కోసం తోసినాడు. అంతే."

ఎస్.ఐ. సుంకులమ్మ లాకప్ దగ్గరికి వెళ్లింది. బయట బెంచీ మీద చాంద్ తల్లి దౌలత్ బీ కూర్చుని ఉంది. టీ ఇస్తే తీసుకుంది. తాగలేదు.

"గుట్ట ఆమె ఒక్కతే ఎక్కిందా?" అని లోపలున్న చాంద్‌ను అడిగింది.

"ఒక్కతే మేడం. నేను కింద్నే ఉండా."

"ఇంకెవరూ పోలేదా?"

"నా పక్క నుంచి పోలా. అవతల గని బాట ఉండాది. అది నాకు కనపడదు."

"మరి ఫోన్?"

"ఛార్జింగ్ పెట్టమని ఆయమ్మే ఇచ్చినాది. ఎంతకీ దిగకపోతే పైకి పోయి చూసినా. దొంగనైతే మిమ్మల్ని పిల్చుకుంటానా మేడం?"

సుంకులమ్మ కెమెరా కార్డును కంప్యూటర్‌లో పెట్టింది. చివరి ఫొటోలన్నీ ఒకే పువ్వు. ఊదారంగు రేకులు. అంచున సన్నటి నూగు. పువ్వు స్పష్టంగా ఉంది. వెనకంతా మసక.

"నేను చూసినాలేమ్మా," అన్నాడు జ్ఞానరాజు. "పువ్వు తప్ప మనిషి యాడుండాడు?"

"వెనక నీలం చూడండి సార్."

"ఆకాశం."

"పైనుంచి కిందికి తీసినాది. ఆకాశం రాదు."

"ఎడిటింగ్‌లో వేసింటారు. మా పాప ఫోన్‌లోనే వేస్తాది."

"ఇది కెమెరాలోంచి నేరుగా వచ్చింది సార్. ఇంగా ఎడిటింగ్ కాలా."

ఆమె తర్వాతి ఫొటో తెరిచింది. అదే పువ్వు. అదే చోటు. వెనక నీలం పోయి పచ్చ వచ్చింది.

అదే చివరి ఫొటో.

సుంకులమ్మ ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. రెండు ఫొటోలనూ కాసేపు మార్చి మార్చి చూసింది. జీపు తీయమంది.

ప్రణీత ఇంట్లో జనం పలచబడ్డారు. పెరట్లో తీగ మీద ఒక చీర ఆరుతోంది. భర్త సాయిప్రసాద్ పోస్టుమార్టం దగ్గర ఉన్నాడు. అతని అక్క శశికళ ఒక్కతే ఉంది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి దగ్గరే ఉంటుంది. ఆమె ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది.

"నిన్న యాడున్నావమ్మా?"

"ఇంట్లోనే. ఎడిటింగ్ చేస్తాంటి. మరదలు తీస్తాది, నేను సరిచేస్తా."

"కొన్ని చూపించు."

శశికళ చూపించింది. పువ్వును నడిమధ్యన పెట్టకూడదంది. రవ్వంత పక్కకు జరిపి కత్తిరిస్తే అందమంది. గొంతులో ఏ బాధా లేదు.

ఒక పువ్వు వెనక ఇటుక రంగు. ఇంకోదాని వెనక పసుపు.

"ఈ రంగులు కంప్యూటర్‌లో వేస్తావా?"

శశికళ మొదటిసారి తలెత్తింది.

"వేస్తే అంచుల కాడ తెలిసిపోతాది మేడం. నూగంతా తెగిపోతాది. పని రానోళ్లు చేసేది అది. ఇవన్నీ నా చీరలు. పువ్వు వెనక నేనే నిలబడతా."

"అన్నిటికీ?"

"అన్నిటికీ. లేకుంటే ఎండుగడ్డి పడి శానా గలీజుగా ఉంటాది."

"మరి నిన్నటి పువ్వుకు?"

 శశికళ మళ్లీ తెర వైపు తిరిగింది.

సుంకులమ్మ తన ఫోన్‌లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టింది.

"ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో పచ్చ. రెండు చీరలు కాదు. ఒకటే. పడుగు దారం నీలం, పేక దారం పచ్చ. నెమలికంఠం. కట్టుకున్న మనిషి కొంచెం తిరిగితే రంగు మారుతాది. పెరట్లో ఆరేసిండేది అదే గదా?"

శశికళ పెరటి వైపు చూడలేదు.

"స్కూటీలో గని బాటెంబడి పోయినా," అంది.

"పువ్వు వెనక నిలబడినదానివి ఎందుకు పక్కకు తిరిగినావు?"

"ఆయమ్మ గుంత అంచున కూర్చోని తీస్తాండాది. నాదీ ఒక ఫొటో తీయి, క్యాలెండర్‌లో చివరనన్నా వేస్తారు అన్నా. ఆరేండ్లలో నా మొగం ఒక్కదాంట్లో లేదు. తలకాయ కూడా ఎత్తలా. 'కదలాకు వదినా, రంగు మారిపోతాంది' అన్నాది."

శశికళ తెర మీది పువ్వును ఒకసారి చూసింది.

"తోసినా."

ఆమె ఏడవలేదు. సుంకులమ్మ ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది.

మూడు కాకముందే చాంద్ బయటికొచ్చాడు. దౌలత్ బీ అతని చొక్కా గుండీ పెట్టింది. ఇద్దరూ ఆటో వైపు నడిచారు.

"ఫైల్లో చాంద్ ఫొటో తీసేయప్పా," అన్నాడు జ్ఞానరాజు కానిస్టేబుల్‌తో. "ఈమెది పెట్టు."

శశికళను సున్నపు గోడకు ఆనించి నిలబెట్టారు. ఆమె పైట సరిచేసుకుంది. నేరుగా కెమెరాలోకి చూసింది.

ఫ్లాష్ వెలిగింది.

"బాగ పడినానా?" అని అడిగింది.