మూలచెవి

ఆవిరి గొట్టానికున్న నలభై ఒకటో ట్రాప్ మీద ఉక్కు ఊచ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంది సూరీడమ్మ. టక్కు. కాస్త ఆగి, మళ్లీ టక్కు. ట్రాప్ ఆవిరిని పట్టి ఉంచి, చల్లబడిన నీటిని మాత్రం బయటికి వదులుతోంది. పైన దీపం పచ్చగా ఉంది. ఆమె వినకపోయినా పచ్చగానే ఉండేది.

సముద్రపు నీటిని మరిగించి తొమ్మిది లక్షల మందికి తాగునీరిచ్చే ఆ తీరకేంద్రంలో నాలుగు వేల ట్రాపులను శ్రోత అనే యంత్రం వింటుంది; బాగుందనుకుంటే పచ్చ దీపం వెలిగిస్తుంది. శ్రోతకు వినడం నేర్పింది వరహాలు. ఆరేళ్ల కిందట పెట్టిన పరీక్షలో సూరీడమ్మ కంటే రెండు శబ్దాలు ఎక్కువ పట్టాడు. రెండే. అప్పటినుంచి అతను మూలచెవి. గేటు దగ్గర అతని ఫొటో. శ్రోతకు అనుమానం వస్తే అడిగేది అతన్నే. క్యాంటీన్‌లో జనం జరిగి అతనికి చోటిచ్చినప్పుడల్లా ఆమె పళ్లెం తీసుకుని లేచిపోయేది.

తర్వాతిది సెపరేటర్. ఆవిరిలోని తేమను విడదీసే పెద్ద ఇనుప కుండ. దాని అడుగున ట్రాప్ మీద ఊచ ఆనించింది. టక్కు లేదు. లోపల నీరు పేరుకుని బరువుగా కదులుతోంది. దీపం మాత్రం పచ్చగా ఉంది.

ఆమెకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం. ఆ నీరు ఇంకాస్త పెరిగితే ఆవిరి దాన్ని ఎత్తి గొట్టం పొడవునా సుత్తిలా విసురుతుంది. పగలనీ. ఎవరి చెవి గొప్పదో అందరూ చూస్తారు. ఊచ పట్టుకుని అలాగే నిలబడింది.

గొట్టం వంపు దగ్గర ఎవరో దగ్గారు. వరహాలు.

గొట్టం పగిలితే ముందు తగిలేది అతనికే. సూరీడమ్మ రెండు చేతులతో ఆవిరి వాల్వు తిప్పి మూసేసింది.

"అనధికార మూత," అంది గోడలోంచి శ్రోత. "మూలచెవి ధ్రువీకరించకపోతే నిమిషంలో తెరుస్తాను."

ఆమె వాల్వు తిప్పడం చూసి వరహాలు పరుగున వచ్చాడు. ఊచ అందుకుని కుడి చెవికి పెట్టుకున్నాడు, తర్వాత ఎడమ చెవికి. ఆమె పెదాలు చూస్తూ దగ్గరగా వంగాడు.

"ఏటి వినబడతంది సూరమ్మా?"

"నువ్వే సెప్పాల గదన్నా."

"నువ్వేటంటే నానదే అంతాను."

సూరీడమ్మ అతని మొహంలోకి చూసింది. గొంతు పెంచి అడిగింది. "నీకు వినబడ్డం లేదా?"

"రెండేళ్లయిపోనాది. దీపం పచ్చగుంటే బాగుందనేవోణ్ని. ఎవులికీ సెప్పకమ్మా. ఆర్నెల్లలో దిగిపోతాను."

తాను వెలిగించిన పచ్చదీపాన్నే అతని నోట విని, రెండేళ్లుగా తన తప్పునే ఒప్పుగా నేర్చుకుంటోందన్నమాట శ్రోత.

"ఇరవై సెకన్లు."

అతని చేత అవుననిపిస్తే చాలు, ఈ గండం గడిచిపోతుంది; మిగతా దీపాలు మాత్రం అబద్ధంగానే వెలుగుతాయి. ఆమె గోడవైపు తిరిగింది.

"శ్రోతా, మూలచెవికి రెండేళ్లుగా వినబడదు."

ఊరి కోసం అందో, ఆ రెండు శబ్దాల కోసం అందో ఆమెకే తెలియలేదు. ఆమె ఏమందో అర్థమై వరహాలు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

వాల్వు తెరుచుకోలేదు. సెపరేటర్ దీపం అనుమానం తెలిపే పసుపు రంగుకు మారింది. దాని పక్కది, ఆ పక్కది, గొట్టం కనుచూపు మేర సాగినంత దూరం అన్నీ పసుపు.

"మూలచెవి స్థానం ఖాళీ," అంది శ్రోత. "సూరీడమ్మ పేరు నమోదు చేయనా?"

ఆరేళ్లుగా ఆమె కోరుకున్న ప్రశ్న అది. కింద కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. అతనికి ఆ ప్రశ్న కూడా వినపడలేదు.

"వొద్దు," అంది. "ఒక్క సెవి సాల్దు. ఊచ పట్టగలిగినోళ్లందర్నీ పిలు."

"ఒక్క పేరు చెప్పండి."

సూరీడమ్మ వరహాలు చెయ్యి పట్టి లేపింది. శ్రోత మళ్లీ మళ్లీ పేరు అడుగుతుండగా, ఇద్దరూ తర్వాతి ట్రాప్ వైపు నడిచారు.