వేడెక్కని ఇంజిన్

"ఎడమ కాలు ఎత్తండి మేడమ్," అన్నాడు డాక్టర్ పరాంకుశం.

సువర్చల కూర్చున్నచోటే మడమ కొద్దిగా కదిపింది. హెల్మెట్ లోపలి తెర మీద పదంతస్తుల ఎత్తున్న ఇనుప మనిషి కాలెత్తి, ఒక్క అంగలో కొండ దాటేశాడు.

దేశంలో సగంమంది సాయంత్రాలు 'మహాకాయం' ఆటలో గడుస్తున్న కాలమది. ఒక్కో యంత్రాన్ని ఇద్దరు నడపాలి, కాళ్ళు ఒకరు, చేతులు ఒకరు. ఎవరింట్లో వాళ్ళున్నా హెల్మెట్ పెట్టుకుంటే పక్కపక్కనే కూర్చున్నట్టుంటుంది. ఆటే అయినా అందులోని ఇంజిన్లు అసలైన ఫిజిక్స్ ప్రకారమే నడుస్తాయి. అందుకే ఒక్క పోరాటానికే విపరీతంగా వేడెక్కి, చల్లారేదాకా యంత్రాన్ని కదలనిచ్చేవి కావు. ఏళ్ళ తరబడి కష్టపడి పరాంకుశం ఆ చిక్కు తీసేశాడు. ఆయన కొత్త ఇంజిన్ తన వేడినే ఇంధనంగా వాడుకుంటుంది. ఇక ఎక్కడా ఆగక్కర్లేదు.

సువర్చల హైదరాబాదులో ఓ పత్రికకు ఆటల రివ్యూలు రాస్తుంది. ఆమె జోడీ దానియేలు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు. ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. దానియేలుకు నత్తి. పోరాటంలో మాటతో పనిలేదు. ఇంజిన్ చల్లారుతున్నప్పుడు మాత్రం అతను మెల్లగా, ఆగి ఆగి మాట్లాడేవాడు. ఆగినచోట ఆమె మాట అందించేది కాదు, ఊరుకునేది. అలా ఊరుకునేవాళ్ళు అతనికి పెద్దగా లేరు.

ఆ రోజు పరాంకుశం రివ్యూ కోసం ఇచ్చిన కొత్త ఇంజిన్‌తో ఇద్దరూ వరసగా గెలుస్తూ పోయారు.

"సువర్చల గారూ, రే... రేపు నేను..." అన్నాడు దానియేలు. ఎదురుగా మరో శత్రువు. "రేపు హై... హై..." ఇంకొకడు. ఆ తర్వాత అతను మాట్లాడలేదు. ఆట ముగియగానే వెళ్ళిపోయాడు.

"ఎలా ఉంది ఇంజిన్?" పరాంకుశం ఆత్రంగా అడిగాడు.

"బాగా పరిగెత్తుతోంది సార్. కానీ నాకు నచ్చలేదు."

"ఎందుకని?"

"మా దానియేలు గారు ఏదో చెప్పబోయారు. మీ ఇంజిన్ చెప్పనివ్వలేదు."

"రాసి పంపొచ్చు కదమ్మా?"

"పంపొచ్చు. ఆయన నోటితో చెప్పాలనుకున్నారు."

వారం గడిచినా దానియేలు ఆటలోకి రాలేదు. సువర్చల పాత ఇంజిన్ తిరిగి బిగించి, ఆ సంగతి మాత్రం అతనికి కబురు పెట్టింది. ఆ సాయంత్రమే వచ్చాడు. ఒక్క పోరాటం చేసి, చిత్తుగా ఓడి, పొగలు కక్కుతున్న యంత్రంలో కూర్చున్నారు.

"ఆ మర్నాడు హై... హైదరాబాదు వచ్చాను," అన్నాడతను. చాలాసేపు ఆగాడు. ఆమె ఎదురుచూసింది. "మీ ఆఫీసు ఎదురుగా టీ... టీ తాగాను. చెప్పకుండా పైకి రావడం బా... బాగోదనిపించింది. వెళ్ళిపోయాను."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఆ... ఆదివారం రమ్మంటారా?"

"రండి. నేను కింద టీ కొట్టు దగ్గరే ఉంటాను."

మర్నాడు ఆమె రివ్యూ రాసింది. కొత్త ఇంజిన్ వేగాన్ని, బలాన్ని దాచకుండా మెచ్చుకుంది. పక్కనున్న మనిషితో మాట్లాడుకోవాలంటే మాత్రం పాతదే ఉంచుకోమంది.

కొన్నాళ్ళకు పరాంకుశం ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"మేడమ్, అందరూ పాత ఇంజిన్లు బిగించుకున్నారు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ మైదానం నిండా వేడెక్కి నిలబడిపోయారు. చల్లారినవాళ్ళు కూడా కదలడం లేదు. పొద్దున ఒక్కో పోరాటం అయ్యాక మళ్ళీ యుద్ధమే జరగలేదు. ఏదైనా పాడైందంటారా?"

"ఏమీ పాడవలేదు సార్," అంది సువర్చల. "కాసేపు అలా వదిలేయండి."