పిట్టతో పట్టిన పాలు

బస్సు కండక్టరు సంచీలోంచి ఆ వస్తువును తీసి బల్ల మీద పెట్టి, చేతులు చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేమిటో మీరే చెప్పాలి సార్. సోమవారం తీర్పు. ఈలోగా తేలకపోతే మా ఆవిడకి యావజ్జీవమే," అన్నాడు.

నిదానంగారికి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. ఏ కేసులోనూ తొందరపడని డిటెక్టివ్ కాబట్టి ఊరు ఆయనకు ఈ పేరు ఖాయం చేసింది. ఆయన సహాయకుడు ఒకప్పుడు ఆస్పత్రిలో కాంపౌండరు. ఉద్యోగం వదిలినా ఆ పిలుపు అతన్ని వదల్లేదు. కాంపౌండరుకి దేవుడి మీదా నిదానంగారి మీదా ఒకటే గురి. దేవుడి మీద మాత్రం అప్పుడప్పుడూ సడలేది.

బల్ల మీదున్నది తెల్లటి పింగాణీ పాత్ర, అరచేతిలో ఇమిడేంతది. పైభాగం సగం దాకా పింగాణీతోనే కప్పేసి ఉంది, మిగతా సగం తెరిచి ఉంది. ఒక పక్క పిడి, ఇంకో పక్క పిట్ట ముక్కులా పొడుచుకొచ్చిన గొట్టం. టీ కెటిల్ అనుకుందామంటే మూత ఊడదు. దీపంలో నూనె పోసేదేమోనని కాంపౌండరు తన తెలివి ప్రదర్శించాడు. నిదానంగారు అతని వంక చూడనైనా లేదు.

కండక్టరు తన గోడు చెప్పుకున్నాడు. అతని భార్య ఆయా. పక్షవాతంతో మంచానపడిన ఒక పెద్దాయనకు రెండేళ్ళుగా సేవ చేసింది. రెండోసారి పక్షవాతం వచ్చాక ఆయనకు మాట పడిపోయింది, మెడ కూడా లేచేది కాదు. ఏడు నెలల క్రితం ఒక ఉదయం ఆయన మంచంలోనే చనిపోయి ఉన్నాడు. ఒంట్లో నిద్రమాత్రల మందు మోతాదుకి ఎన్నో రెట్లు దొరికింది. తలాపున గాజు గ్లాసు, దాని అడుగున పాలు, పాలలో మాత్రల పొడి, గ్లాసు నిండా ఆయా వేలిముద్రలు. దేంతో పట్టావని పోలీసులు అడిగితే ఆమె, 'పిట్టతో పట్టాను, గ్లాసుతో కాదు' అంది. పిచ్చి నటిస్తోందని రాసుకున్నారు.

"జైలుకి వెళ్ళినప్పుడల్లా అదే మాట సార్, పిట్టని వెతుకు అని. ఏ పిట్ట అంటే ఏడుపే. నిజంగానే మతి పోయిందనుకున్నాను. మొన్న తోచక, ఆ ఇంటి సామాను కొన్న పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను. దీనికి ముక్కుంది కదా అని కొనేశాను," అన్నాడు కండక్టరు.

నిదానంగారు టార్చి వేసి పాత్ర లోపలికి చాలాసేపు చూశాడు. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత కాంపౌండరును బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల ఎత్తవద్దని చెప్పి, గ్లాసుతో నీళ్ళు నోట్లో పోశాడు. నీళ్ళు ముక్కులోకి పోయి కాంపౌండరు ఉక్కిరిబిక్కిరయ్యాడు. చొక్కా సగం తడిసింది. రెండోసారి ఆఫీసు టీ కెటిల్‌లో నీళ్ళు పోసి, దాని గొట్టం పెదవుల మధ్య పెట్టి వంచాడు. ఈసారి గుటకలు సాఫీగా పడ్డాయి.

"మెడ లేవని రోగికి పాలు, జావ పట్టే పాత్ర ఇది. వంచినప్పుడు ముఖాన ఒలక్కుండా సగం మూత. ఆ మూత కింద మూలల్లోకి తోమే వేళ్ళు పోవు. అక్కడేదో తెల్లగా పేరుకుని ఉంది," అన్నాడు నిదానంగారు.

కాంపౌండరు తుమ్ముకుంటూనే ఆ పాత్రను గుడ్డలో చుట్టి, మందులు పరీక్షించే స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్ళాడు.

మర్నాడు ఇద్దరూ పాత సామాన్ల కొట్టుకి వెళ్ళారు. ఏమిటో తెలియని వస్తువును ఎవరు కొంటారని కొట్టతను నవ్వి, ఆ ఇంటి నుంచి సామానుతో పాటు వచ్చిన చీటీ వెతికి ఇచ్చాడు. అందులో వరసగా మంచం, పరుపు, రెండు కుర్చీలు, చివర్న 'మూత అతుక్కుపోయిన టీ కెటిల్, ఒకటి' అని రాసుంది. ఎవరు రాశారని అడిగితే, కొడుకుగారే స్వయంగా నిలబడి రాసిచ్చారన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళారు. కొడుకుకి ఫొటో స్టూడియో ఉంది. మర్యాదస్తుడు. ఇల్లు పడగొట్టి పెద్ద స్టూడియో కట్టాలని ప్లాను గీయించి గోడకు తగిలించాడు. ఇల్లు రాసిచ్చే కాగితాల మీద వేలిముద్ర అడిగినప్పుడల్లా పెద్దాయన పిడికిలి బిగించేవాడని అతని మేనత్త, అంటే పెద్దాయన చెల్లెలు, అమాయకంగా చెప్పేసింది. శుక్లాలతో ఆవిడకు చూపు దాదాపు లేదు. మధ్యాహ్నం పాలు తానే పట్టేదాన్నంది. సాయంత్రం పాలు కోడలు కాచి ఫ్లాస్కులో పోసి గదిలో పెడితే, ఆరింటికి ఆయా పట్టి ఇంటికి వెళ్ళేది. ఆయా సెలవు పెడితే కోడలే పట్టేది. ఆ రోజు మాత్రం ఆయా వచ్చింది.

"ఆవిడ ఇలా చేస్తుందని ఎవరనుకుంటారండీ. రోజూ గుమ్మంలోంచి చూసేవాణ్ణి. గ్లాసు పట్టుకుని నాన్న మంచం పక్కనే కూర్చునేది," అన్నాడు కొడుకు.

శనివారం పొద్దున పరీక్ష ఫలితం వచ్చింది. మధ్యాహ్నానికి నిదానంగారు అదే ఇంటి హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు. ఆయాను అరెస్టు చేసిన ఇన్‌స్పెక్టరు అయిష్టంగానే వచ్చాడు. కండక్టరు గోడవారగా నిలబడ్డాడు. నిదానంగారు పాత్రను బల్ల మీద పెట్టి, అదేమిటని కొడుకుని అడిగాడు. పాత టీ కెటిల్ అన్నాడతను. కోడలు తల వంచుకుంది. మేనత్త చేతికి అందిస్తే ఆవిడ ఒకసారి తడిమి గుండెకు హత్తుకుంది.

"అన్నయ్య పిట్ట," అంది. "ఆయా పెట్టిన పేరు. పిట్ట వచ్చింది, నోరు తెరవండి అనేది."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు.

నిదానంగారు మొదలుపెట్టాడు. పాత్రలో దొరికిందీ నిద్రమాత్రల మందే. అంటే పెద్దాయన తాగింది ఇందులోంచి, గ్లాసులోంచి కాదు. మెడ లేవని మనిషి గ్లాసుతో తాగలేడు. మరి తలాపున ఆ గ్లాసెందుకుంది? విషం పెట్టింది ఆయానే అయితే పిట్టను తోమి దాచి, తన వేలిముద్రలున్న గ్లాసులో పొడి కలిపి వదిలిపెట్టదు. అది ఆమె టీ తాగే గ్లాసు. వంటింట్లోనే ఎవరో ఫ్లాస్కులో మందు కలిపారు. ఆమె తెలియక పట్టి, పాత్ర తోమి, ఇంటికి పోయింది. తెల్లారాక వాళ్ళే ఫ్లాస్కు కడిగేసి, నేరం ఆమె మీదికి నెట్టడానికి ఆ గ్లాసు అక్కడ పెట్టారు.

"పెట్టింది మేనత్తగారో కోడలుగారో అయితే పొడి పిట్టలోనే కలిపేవారు. పెద్దాయన దేంతో తాగుతాడో వాళ్ళిద్దరికీ తెలుసు. ఈ ఇంట్లో ఆ సంగతి తెలియని మనిషి ఒక్కడే. సాక్ష్యమని తెలియక తన చేత్తోనే చీటీ రాసి అమ్మేశాడు," అని నిదానంగారు కొడుకు వైపు తిరిగాడు. "రెండేళ్ళలో ఒక్కసారైనా మీ నాన్నకి ఒక గుక్క పట్టి ఉంటే, బాబూ, నువ్వు దొరికేవాడివి కాదు."

కొడుకు ముఖాన కత్తి వాటుకి నెత్తురు చుక్క లేదు. కాదనడానికి నోరు తెరిచి, భార్య వంక చూసి ఆగిపోయాడు.

"గ్లాసు సంగతి నాకు మొదటి రోజే అర్థమైంది," అంది కోడలు, తల ఎత్తకుండానే. "పిల్లలున్నారు. నోరు మూసుకున్నాను."

"నాన్న బతికున్నన్నాళ్ళూ నేను ఆ గదిలోకి వెళ్ళలేకపోయేవాణ్ణి. గుమ్మం నుంచే వెనక్కి తిరిగేవాణ్ణి," అన్నాడు కొడుకు. ఇన్‌స్పెక్టరు లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

కాంపౌండరుకి మామూలుగా ఇలాంటప్పుడు ఛాతీ ఉబ్బేది. ఆ వేళ ఆ ముసలావిడ ఒళ్ళో పాత్ర చూస్తుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

పదిరోజులకు ఆయాను విడిచిపెట్టారు. జైలు గేటు దగ్గరికి కండక్టరుతో పాటు వాళ్ళిద్దరూ వెళ్ళారు. ఆమె మనిషి సగమైపోయింది. నిదానంగారికి దణ్ణం పెట్టింది కానీ నవ్వలేదు.

"ఫ్లాస్కులో కలిపారటగా బాబుగారూ. అయితే పట్టింది నేనే," అంది.

"నీకు తెలియదు కదమ్మా," అన్నాడు నిదానంగారు.

"రెండు గుక్కలు తాగి పెదాలు బిగించేశారు. ఎప్పుడూ అలా చేసేవారు కాదు. చేదు తగిలిందేమో. మాట లేని మనిషి, ఎలా చెబుతారు? ఆకలితో పడుకుంటారని నేనే బతిమాలి, బుజ్జగించి, మొత్తం పట్టాను."

నిదానంగారు తల వంచి ఆమెకు తిరిగి దణ్ణం పెట్టాడు. కాంపౌండరు ఆయన్ని అలా చూడడం అదే మొదలు. కండక్టరు భార్య చేతిలోని మూట అందుకుని, బస్సు వచ్చే వేళయిందని చెప్పి, ఆమెను మెల్లగా నడిపించుకుపోయాడు.