పేరెంట్స్ మీటింగుకి వచ్చిన అన్నయ్య

శనివారం పొద్దున్నే బండి దగ్గర సొరకాయ బేరమాడుతోంది అన్నపూర్ణేశ్వరి. పక్క ఫ్లాటు నేహా వాళ్ళమ్మ పలకరించింది.

"దీదీ, స్కూల్లో పీటీఎమ్ కదా, ఆప్ నహీఁ గయీఁ?"

పేరెంట్స్ మీటింగా? తను వెళ్ళలేదా అంటోందేమిటి? పదకొండో తరగతి చదివే కూతురు ఇంద్రజ ఆ మాటే చెప్పలేదు. స్పెషల్ క్లాసని హడావిడిగా వెళ్ళిపోయింది. భర్త వీరరాఘవులు ఆఫీసు పని మీద భోపాల్‌లో ఉన్నాడు. పిల్ల మర్చిపోయి ఉంటుందిలే అనుకుని, మంచి చీర కట్టుకుని రిక్షా ఎక్కింది. దేశ రాజధాని శివారు ద్వారకలో వాళ్ళ సెక్టారు నుంచి గవర్నమెంటు స్కూలు దగ్గరే. పిచ్చితల్లికి దారంతా సంబరమే.

తరగతి గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. క్లాస్ టీచరుకి ఎదురుగా, ఇస్త్రీ చొక్కాలో విష్ణువర్ధన్ కూర్చుని ఉన్నాడు! వాళ్ళ పై అంతస్తులో అద్దెకుండి సివిల్స్‌కి చదువుకునే కుర్రాడు. పక్కనే ఇంద్రజ.

"హెడ్ గర్ల్‌కి మీ చెల్లెలి పేరే ఇచ్చాను," అంటోంది మేడమ్ హిందీలో. "మమ్మీ ఊరి నుంచి ఎప్పుడొస్తారు?"

మాట్లాడటం అంతంతమాత్రమే గానీ, వింటే అన్నపూర్ణేశ్వరికి హిందీ బాగానే తెలుస్తుంది. తల్లిని చూసిన ఇంద్రజ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆప్ కౌన్?" అంది మేడమ్.

నిజం చెబితే పిల్ల పరువేం కావాలి? కడుపులో మంట కడుపులోనే దాచుకుంది ఆ తల్లి.

"మై ఇస్‌కీ మాఁ. ఆజ్ సుబహ్ గాఁవ్ సే ఆయీ. యే మేరా బడా బేటా."

తాను పొద్దున్నే ఊరి నుంచి వచ్చిందనీ, అతను తన పెద్దకొడుకనీ ఆమె అనేసరికి విష్ణువర్ధన్ తల దించుకున్నాడు.

వరండాలోకి రాగానే కూతుర్ని నిలదీసింది.

"నేను ఏ ఊళ్ళో ఉన్నానే?"

"తప్పు నాది పిన్నిగారూ, అడగ్గానే ఒప్పుకున్నాను..." అన్నాడు వెనకే వచ్చిన విష్ణువర్ధన్.

"నువ్వుండు నాయనా. చెప్పవే!"

"పోయినేడు పదో తరగతిలో నాన్న బదులు నువ్వొచ్చావుగా!" అంది ఇంద్రజ. "అందరి ముందూ అప్పటి మేడమ్‌ని ఏమడిగావు? మా పిల్ల డబ్బాలో పెట్టిన అన్నమంతా తింటోందా అని! వారం రోజులు క్లాసంతా అదే అని వెక్కిరించారమ్మా నన్ను!"

అన్నపూర్ణేశ్వరి కోపమంతా చప్పున చల్లారిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ లెక్కలూ ఫిజిక్సూ నాకేం తెలుసని అడగను తల్లీ? నాకు తెలిసింది అదొక్కటేగా."

ఇంద్రజ ఒక్క ఉదుటున తల్లిని కావిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, తల్లి చెయ్యి పట్టుకుని మళ్ళీ తరగతి వైపు నడిచింది.

"వద్దే! హెడ్ గర్ల్ పోతుందే!"

"పోతే పోనీ."

పేరెంట్సూ పిల్లలూ చూస్తుండగా నేరుగా వెళ్ళి మేడమ్ ముందు నిలబడింది. మమ్మీ ఏ ఊరూ వెళ్ళలేదనీ, విష్ణువర్ధన్ తన అన్న కాదనీ, సిగ్గుపడి అబద్ధమాడాననీ చెప్పేసింది. మేడమ్ మొహం ఎర్రబడింది. అన్నపూర్ణేశ్వరికి కుర్చీ చూపించి, ఇంద్రజని కడిగి పారేసింది.

ఇంద్రజ తల్లి పక్కనే నిలబడి, ఆ తిట్లలో ఒక్కటి కూడా వదలకుండా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"అబద్ధాలకోరునంట అమ్మా. హెడ్ గర్ల్ పేరు కొట్టేస్తారంట. కన్నతల్లిని చూసి సిగ్గుపడేదానికి చదువెందుకంటున్నారు..."

"చాల్లేవే, నాకు అర్థమైంది," అంది అన్నపూర్ణేశ్వరి, కూతురి చెంపలు పైట చెంగుతో తుడుస్తూ.