పద్దెనిమిది తిప్పులు

తెల్లవారుజామున వీధికి నీళ్ళు వదిలి వచ్చిన భర్తకు కాఫీ ఇచ్చి ఆమె వంటింట్లోకి తిరిగిందో లేదో, ముందుగదిలో కప్పు ఠపీమని పెట్టిన చప్పుడైంది.

"ఏం లాయరమ్మా, ఇంకెవరూ దొరకలేదా నీకు?" కూతురు రాసుకున్న కాగితం ఆడిస్తూ ఆయన అరిచాడు.

కూతురిది బడిలో చివరి ఏడాది. వాళ్ళ టీచరు పిల్లలందరికీ ఒక పని అప్పజెప్పింది. మీ వీధిలో ఒక లోటు చూడండి, కొలవండి, ఆదివారం వార్డు సభలో నిలబడి మూడు నిమిషాలు చెప్పండి అని. రేపు ఉద్యోగానికైనా ఊరికైనా అక్కరకొచ్చే చదువు అదేనంటుందావిడ. పిల్ల వారం రోజులు గడియారం పట్టుకుని నలభై ఇళ్ళు తిరిగింది. తమ ఇంట్లో బకెట్ రెండు నిమిషాల్లో నిండుతుంది. వీధి చివరి ఇంట్లో పదిహేడు. ఆ పట్టిక కింద ఎర్రసిరాతో ఒక్క వాక్యం: వాల్వు సరిగ్గా తెరవడం లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆ వాల్వు తిప్పుతున్నది ఆయనే.

"నీ పేరెక్కడా రాయలేదు నాన్నా."

"పేరెందుకే? ఎవర్నడిగినా చెబుతారు. పద్దెనిమిది తిప్పులు! ఒళ్ళు కాలే జ్వరంలో కూడా పదిహేడు తిప్పి రాలేదు నేను. సభా లేదు, గిభా లేదు. లోపలికి పో."

"చివరింటి అవ్వ పదిహేడు నిమిషాలు నిలబడుతోంది. అదీ అబద్ధమేనా?"

ఆమె గరిటె చేత్తోనే వచ్చింది. ఇద్దరి ముఖాలూ ఒకే అచ్చు. కోపమొస్తే ఇద్దరికీ ముక్కు కొనే ఎర్రబడుతుంది.

"నలభై ఇళ్ళు తిరిగావు సరే. నీళ్ళు వదిలే మనిషి నీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్క మాట అడిగావుటే?"

పిల్ల తల దించుకుంది.

"మీరూ అంతే. పిల్ల లెక్క తప్పయితే కొలిచి చూపించండి, కసిరి కాదు. రేపు ఇద్దరూ కలిసి వాల్వు దగ్గరికి వెళ్ళండి. నేను అవ్వ కుళాయి దగ్గరుంటాను."

మర్నాడు ఆమె బకెట్ పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది.

"ఏమ్మా, మీ ఇంటి కోర్టు మా కుళాయి దగ్గర పెట్టారా?" అవ్వ బోసినోటితో నవ్వింది.

"పద్దెనిమిది," ఫోనులో ఆయన గొంతు ఆగింది. కుళాయి దారంలా కారుతోంది.

"ఇంకా తిరుగుతుందా నాన్నా?"

వాల్వు కిర్రుమని కదిలిన చప్పుడు వినిపించింది. "పోయినేడు పాతది తీసి కొత్తది బిగించారు. దీనికెన్ని తిప్పులో ఎవరూ చెప్పలేదు... నేనూ అడగలేదు." ఆ తర్వాత నెమ్మదిగా, "పంతొమ్మిది... ఇరవై..."

ముప్ఫై ఒకటి దగ్గర వాల్వు ఆగింది. ఇక్కడ కుళాయి గుర్రుమని, దగ్గి, ఒక్కసారిగా దూకింది. నాలుగు నిమిషాల్లో బకెట్ పొర్లింది. అవ్వ తడిసిన చీర చూసుకుని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చాక కూతురు ఎర్రసిరా వాక్యం కొట్టేసింది.

"ఇప్పుడేం రాస్తావు?" ఆయన గోడ వైపు చూస్తూ అడిగాడు.

"కొత్త సామాను బిగిస్తే, దాంతో పనిచేసే మనిషికి చూపించి వెళ్ళాలని. నిన్ను ముందే అడక్కపోవడం నా తప్పని కూడా."

కూతురు రాసిచ్చిన కాగితం ఆయన అందుకుని రెండుసార్లు చదివాడు.

"ముప్ఫై ఒకటి అని వేశావు, సరే. తిప్పిందెవరో లేదేం? నా పేరు రాయి. ఇంటిపేరుతో సహా." భార్య వైపు తిరిగాడు. "ఆ తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి. ఆదివారం ముందు వరసలో కూర్చోవాలి."

ఆమె కాఫీ కప్పు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"చేస్తాను గానీ, ముందా కాఫీ తాగండి," అంది. "ఇవాళైనా వేడిగా."