గుహలో మిగిలిన ఏడు కత్తులు

తేనెపట్టు కోసం కొండచరియ దిగిన చెంచు ఈదన్నకు, పొదల మాటున ఓ గుహ వాకిట పులిముద్ర ఉన్న దండకడియం దొరికింది. అతను కోటకు తెచ్చిన దాన్ని కావలిబంటు ఓబుళమ్మ చూడగానే గుర్తుపట్టింది. అది ఆమె తల్లి లక్ష్మక్కది!

పుష్కరం కిందట శత్రువులు కోటను ముట్టడించినప్పుడు, పాలెగాడి ధనాన్ని అడవికి తరలించిన ఏడుగురు ఆడబంట్లకు లక్ష్మక్క నాయకురాలు. వాళ్ళు తిరిగి రాలేదు. "ధనంతో పారిపోయారు, నా కళ్ళతో చూశాను" అన్నాడు, వాళ్ళ వెనక కాపుగా వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చిన సేనానాయకుడు, దళవాయి కోనప్ప. ఆ ఒక్క మాటతో ఏడిళ్ళవాళ్ళూ దొంగల సంతతి అయిపోయారు. ఓబుళమ్మ కత్తి పట్టి కోట కావలిలో చేరినా ఆ మచ్చ పోలేదు.

ఇప్పుడు ధనం తెమ్మని పాలెగాడు పంపింది ఆ కోనప్పనూ, ఆమెనూ. ఈదన్న దివిటీతో దారి చూపుతుంటే ముగ్గురూ ఇరుకు బిలంలో పాక్కుంటూ లోపలికి దిగారు.

దివిటీ వెలుగులో మొదట శత్రుసైనికుల ఎముకలు కుప్పగా కనిపించాయి. వాటి వెనక గోడకు ఆనుకుని ఏడు అస్థిపంజరాలు. ముంజేతి ఎముకలకు గాజులు, పక్కన నొక్కులుపడ్డ కత్తులు. వాళ్ళ వెనక, తాళాలైనా చెదరని పెట్టెలు!

ఓబుళమ్మ గిర్రున కోనప్ప వైపు తిరిగింది. "పారిపోయారన్నావే! ఏ కళ్ళతో చూశావురా?"

"శత్రువులు ఇటు మళ్ళారు, నేను వాగు దాటి ప్రాణం దక్కించుకున్నా. ఆ సంగతి ఎట్లా చెప్పుకునేది?" కోనప్ప కత్తి దూశాడు. "పెట్టెలెత్తు! ఈ మాట బయటికి పొక్కిందా, నీ ఎముకలూ ఇక్కడే!"

కత్తులు ఖణేలుమన్నాయి. ఆమె తప్పుకోగానే అతని వేటు పగుళ్ళువారిన రాతిస్తంభాన్ని తాకింది. పైనుంచి రాళ్ళు జలజలా రాలాయి.

"అమ్మా, కప్పు కూలుతోంది! పరుగెత్తండి!" ఈదన్న అరిచాడు.

"పెట్టె! పెట్టె పట్టండి!" కోనప్ప వెర్రికేక వేశాడు. ఓబుళమ్మ అతని చేతిలో కత్తి ఎగరగొట్టి, ఏడు కత్తులూ పైబట్టలో చుట్టుకుని, అతని జుట్టు పట్టి బయటికి ఈడ్చింది. వెనక కొండ కడుపు ధడేలున మూసుకుపోయింది.

"దొరకు ఏం చెబుతావే?" అన్నాడు కోనప్ప.

"ధనం ఏ రాళ్ళ కింద ఉందో చెబుతా. కావాలంటే తవ్వుకుంటాడు." కత్తుల మూట అతని నెత్తికెత్తింది. "మొయ్యి! ఏడు గుమ్మాల ముందూ ఆగి, ఆ ఇంట చనిపోయినామె పేరు చెప్పి, అబద్ధమాడానని ఒప్పుకో!"

"నేను దళవాయిని, తెలుసా!"

"అయితే యుద్ధంలో అరిచినట్టు అరువు!"

మొదటి గుమ్మంలో ఓ ముసలితల్లి చెవి ఒగ్గి నిలబడింది. కోనప్ప ఏదో గొణిగాడు.

"ఎవరి సంగతి నాయనా? నాకు వినబడలా" అంది ఆమె.

ఓబుళమ్మ కత్తిమొన అతని వీపున ఆనింది. ఈసారి వీధి వీధంతా వినబడింది.