జామెట్రీ బాక్స్‌లో ప్యాచ్

మెట్రో పిల్లర్ వెనక్కి వెళ్లి దివ్యశ్రీ జామెట్రీ బాక్స్ తెరిచింది. మూత లోపల అంటించి ఉన్న విటమిన్ ప్యాచ్‌ను గోటితో లేపింది. చొక్కా చెయ్యి పైకి జరిపి, భుజం కింద అంటించుకుంది. జిగురు సగం పోయింది. దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని ఇంటి దారి పట్టింది.

ఐదో తరగతి చదివే దివ్యశ్రీకి రెండు నెలలుగా రోజూ ఇదే పని.

వాళ్లమ్మ మంగవ్వ అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుంది. హాస్టల్ వెనక గదిలోనే వాళ్లిద్దరూ ఉంటారు. దివ్యశ్రీ ఒంట్లో విటమిన్ డి బాగా తక్కువ. మెట్లెక్కితే కాళ్లు లాగుతాయి. మాత్ర గొంతు దిగదు, సిరప్ తాగిన వెంటనే కక్కేస్తుంది. అందుకే మంగవ్వ పంజాగుట్ట డాక్టరమ్మను అడిగి, చర్మానికి అంటించే ప్యాచ్‌లు తెచ్చింది.

"ఇవి పనిచేస్తాయని ఖాయంగా చెప్పలేను. రెండు నెలలు చూద్దాం" అన్నారు డాక్టరమ్మ.

పొద్దున అంటించాలి, సాయంత్రం తీసేయాలి. అంతే.

మొదటి రోజే క్లాసులో ముషర్రఫ్ దాన్ని చూశాడు.

"ఏందే, బ్యాటరీ పెట్టుకొచ్చినవా? ఛార్జింగ్ ఎంతున్నది?"

అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ప్యాచ్ జామెట్రీ బాక్స్‌లోకి మారింది.

సాయంత్రం మంగవ్వ కొబ్బరి నూనెలో దూది ముంచి, నొప్పి పుట్టకుండా ప్యాచ్ అంచులు తడుపుతుంది. తాకగానే అది ఊడి వస్తుంది.

"చెమటకు అంటుకుంటలేదు బిడ్డా. రేపు జర గట్టిగ అద్దుత" అంటుంది.

అప్పుడు దివ్యశ్రీ గోడ వైపు చూస్తుంది. చెప్పేయాలనిపిస్తుంది. ఇవాళ్టిది చెబితే నిన్నటిదీ చెప్పాలి. నిన్నటిది చెబితే మొన్నటిది. రోజులు గడిచేకొద్దీ నోరు మరింత బిగిసిపోయింది.

ఆ సాయంత్రం మంగవ్వ చెప్పులేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో రక్తపరీక్ష రిపోర్టు.

"పా, డాక్టరమ్మ రమ్మన్నది."

పంజాగుట్ట క్లినిక్‌లో డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు తీశారు.

"ఏమీ పెరగలేదమ్మా. ప్యాచ్ పనిచేయలేదేమో. లేదా పాప ఒంటికే విటమిన్ పట్టడం లేదేమో. లోపల ఏమైనా ఉందా అని చూడాలి. పెద్ద పరీక్షలు రాస్తాను."

మంగవ్వ ముఖం పాలిపోయింది. "లోపల అంటే, పెద్ద రోగమా మేడం?"

"పరీక్ష చేస్తేగానీ చెప్పలేం."

"నాదే తప్పు మేడం. నాకు సక్కగ అంటియ్యరాలే."

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టారు. కాగితం మీద పెన్ను కదిలే చప్పుడు దివ్యశ్రీకి వినిపిస్తోంది.

"నా లోపల ఏం లేదు మేడం" అంది. ఆ గొంతు తనది కానట్టుంది. "నేనే పెట్టుకోలే. బడి గేటు కాడ తీసేసి, ఇంటికొచ్చేటప్పుడు మళ్ల అంటించుకున్న."

పెన్ను ఆగింది. "రెండు నెలలూనా?"

దివ్యశ్రీ తలూపింది.

"అయితే ప్యాచ్ పనిచేస్తుందో లేదో మనకింకా తెలియదు." డాక్టరమ్మ కాగితం చించేశారు. "మళ్లీ మొదటి నుంచి చూడాలి."

మంగవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. షేర్ ఆటోలో దారి పొడవునా బయటికే చూస్తూ కూర్చుంది. గదికి చేరాక ఒక్క మాట అడిగింది.

"నేను రోజూ నూనె రాస్తుంటే, నీకేమనిపియ్యలేదా బిడ్డా?"



మర్నాడు పొద్దున మంగవ్వ ప్యాచ్‌ల ప్యాకెట్ గూట్లో పెట్టి హాస్టల్ వంటింట్లోకి వెళ్లిపోయింది. దివ్యశ్రీ తనే అంటించుకుంది. బడి గేటు దగ్గరికి రాగానే వేళ్లు వాటంతటవే భుజం వైపు వెళ్లాయి. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. తన వేళ్ల మీద తనకే నమ్మకం పోయింది.

హాజరు పిలవకముందే దివ్యశ్రీ తన క్లాసు టీచర్ సుమశ్రీ బల్ల దగ్గరికి వెళ్లింది.

"టీచర్, రోజూ లంచ్ టైంల నా చెయ్యి చూస్తరా?"

"ఎందుకు?"

"ఈ ప్యాచ్ ఉన్నదో లేదో చూడుండ్రి. లేకుంటే అమ్మకు ఫోన్ చెయ్యుండ్రి."

ముందు బెంచీలో ముషర్రఫ్ తలెత్తాడు. దివ్యశ్రీ చొక్కా చెయ్యి పైకి మడిచి టీచర్‌కు చూపించింది. ఆ మడత దించకుండానే వెళ్లి తన చోట్లో కూర్చుంది.